తెల్లకార్డు వంశవృక్షం

హైమవతికి కేన్సరు వచ్చే అవకాశం లేదని ప్రభుత్వం ఒక మంగళవారం పొద్దున తేల్చి చెప్పేసింది. ఆ సమయానికి ఆమె మినప్పప్పు కడుగుతోంది. పొట్టు తేలిన నీళ్ళు వంపబోతుండగా ఆశా కార్యకర్త నూకరత్నం గుమ్మంలో నిలబడి, "హైమగారూ, చేతులు తుడుచుకుని రండి, మీకు సర్టిఫికెట్టొచ్చింది!" అని కేకేసింది.

దళసరి కాయితం. పైన ఒక చెట్టు బొమ్మ. కొమ్మలకి ఆకుల బదులు నవ్వుతున్న మనుషులు వేలాడుతున్నారు. కింద అచ్చులో: "వంశ కవచం పథకం. లబ్ధిదారు: హైమవతి, వయస్సు 43. వంశపారంపర్య కేన్సరు ముప్పు: అల్పం. జన్యు పరీక్ష: అవసరం లేదు. ఇంతటి ఆరోగ్యవంతమైన వంశమునకు చెందినందుకు అభినందనలు."

హైమ దాన్ని రెండుసార్లు చదివింది. ఆమె తల్లి శకుంతల రొమ్ము కేన్సరుతో నలభై నాలుగో ఏట పోయింది. శకుంతల అక్క అండాశయంలో కేన్సరుతో యాభై నిండకుండానే పోయింది. వచ్చే శ్రావణానికి హైమకి నలభై నాలుగు నిండుతాయి. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. రోజూ స్నానం చేసేటప్పుడు మాత్రం ఒకసారి తడిమి చూసుకుంటుంది, ఊరెళ్ళేముందు గ్యాసు కట్టామా లేదా అని మళ్ళీ వెనక్కొచ్చి చూసుకున్నట్టు. ఇలాంటి ఇళ్ళలో ఆడవాళ్ళకి ఒక రక్తపరీక్ష చేస్తే జన్యువులో మార్పు ఉందో లేదో తెలుస్తుందనీ, ఉంటే ముందే కనిపెట్టుకుని బతకొచ్చనీ పేపర్లో చదివింది. బయట చేయించుకోవాలంటే ఆ పరీక్ష ధర అడిగి ఫోను పెట్టేయడమే. ప్రభుత్వం ఉచితంగా చేస్తుందనగానే వార్డు మొత్తంలో మొదటి దరఖాస్తు ఆమే పెట్టింది.

"ఇది ఎవరి వంశం గురించి రాశారమ్మా?" అంది.

"మీ వంశమేనండీ. అదిగో, రేషన్ కార్డు నంబరు కూడా వేశారు," అంది నూకరత్నం. ఆ తర్వాత గొంతు తగ్గించి, "మీరు అదృష్టవంతులు. పాతూర్లో ఎర్రకాయితాలు పంచలేక చచ్చాను," అంది.

ఆ ఎర్రకాయితాల్లో ఒకటి హైమ వదినది. పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"హైమా, నాకు అధిక ముప్పుట! పదిహేను రోజుల్లో రక్తం ఇవ్వకపోతే కార్డు ఆపేస్తారుట!" ఇందుమతి గొంతు ఎప్పుడూ కుక్కరు విజిలంత ఉంటుంది, ఇవాళ రెండు విజిళ్ళంత ఉంది. "మా పుట్టింట్లో తొంభై దాటితే గానీ ఎవరూ కదలరు. నాకెక్కడి కేన్సరే?"

"ఎవరివల్ల వచ్చిందని రాశారు?"

"మీ అమ్మ వల్ల! కాపరానికొచ్చిన కొత్తలో నాకు ఇత్తడి గుండిగ ఇచ్చింది, పట్టుచీర ఇచ్చింది, కాదన్నానా? ఇప్పుడు జబ్బు కూడా ఇచ్చిందంటే ఎలా పుచ్చుకోను?"

హైమ నవ్వింది. నవ్వి, కాయితం వంక చూసి ఆగిపోయింది. ఏం జరిగిందో అప్పటికి అర్థమైంది. ఇరవై ఒక్కేళ్ళ క్రితం పెళ్ళయ్యాక పుట్టింటి కార్డులో ఆమె పేరు కొట్టేశారు, అత్తింటి కార్డులో ఎక్కించారు. అన్నయ్యని చేసుకున్న వదిన పేరు పుట్టింటి కార్డులో చేరింది. ప్రభుత్వం తల్లుల్ని కార్డులు చూసి పంచేసింది. వదినకి అమ్మ వచ్చింది. తనకి అత్తగారు భ్రమరాంబ వచ్చింది. భ్రమరాంబకి డెబ్భై ఎనిమిదేళ్ళు. సర్వేకి వచ్చినవాళ్ళు "మీకేమైనా జబ్బులున్నాయా?" అంటే, "జలుబుకే తీరిక లేదు నాకు," అని పంపేసిన మనిషి.

*

జిల్లా వంశారోగ్య కార్యాలయం ఒకప్పుడు పౌరసరఫరాల గోడౌను. గోడలకి సున్నం వేశారు గానీ తవుడు వాసన పోలేదు. వంశారోగ్య అధికారి చక్రపాణి కూడా అక్కడివాడే. ఇరవై రెండేళ్ళు బియ్యం, పంచదార చూసి, ప్రమోషన్ మీద జన్యువులు చూడ్డానికి వచ్చాడు. హైమా ఇందుమతీ పక్కపక్కన కూర్చున్నారు. రెండు కాయితాలూ బల్ల మీద పెట్టారు.

"సార్, ఇవి తారుమారయ్యాయి," అంది హైమ.

చక్రపాణి చిరునవ్వు నవ్వాడు. "అమ్మా, కుటుంబం అంటే ఏమిటి?"

"అమ్మా, నాన్నా..."

"అది పాఠ్యపుస్తకం. ఉత్తర్వుల ప్రకారం కుటుంబమనగా ఒకే కార్డుపై నమోదైన వ్యక్తుల సముదాయం. వంశమనగా సదరు కుటుంబం యొక్క కొనసాగింపు. వంశపారంపర్యమనగా సదరు కార్డులో పై వరుస నుండి కింది వరుసకు సంక్రమించునది. ఇందులో తమకు సందేహం ఎక్కడ?"

"నన్ను కన్నది మా అమ్మండీ."

"కాదనలేదు. కానీ పెళ్ళయ్యాక పుట్టింటి కార్డులో పేరు తీయించుకున్నారా లేదా?"

"తీయించుకోకపోతే ఇక్కడ ఎక్కించరుగా."

"అదీ విషయం. సంతకం పెట్టి మరీ తీయించుకున్నారు. బియ్యం, పంచదార, కిరసనాయిలు, వంశపారంపర్య వ్యాధులు, అన్నీ ఆ రోజుతో సరి. రెండు కార్డుల మీద బియ్యం తీసుకోవడం నేరమని తమకు తెలుసు. రెండు కార్డుల మీద జన్యువులు తీసుకుంటానంటే నేనెలా ఒప్పుకోను? డూప్లికేటవుతుంది!"

ఇందుమతి ఉండబట్టలేకపోయింది. "నేను ఆవిడ కడుపున పుట్టలేదండీ బాబూ! పంతొమ్మిదేళ్ళ క్రితం నడుచుకుంటూ వచ్చాను, బియ్యం చెంబు తన్నుకుంటూ వచ్చాను!"

"తమరిప్పుడు ఏ వంశం కోడలమ్మా?"

"వీళ్ళ వంశం..."

"తమ నోటితోనే చెప్పారు." చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలాడు. "పీటల మీద గోత్రం మారుతుందంటే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంటిపేరు మారుతుందంటే అభ్యంతరం లేదు. జన్యువు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరూ ప్రభుత్వాన్ని ప్రశ్నించేవాళ్ళే."

గోత్రం సంగతి హైమ ఇరవై ఒక్కేళ్ళ క్రితమే పురోహితుణ్ణి అడగాల్సింది. అప్పుడు కళ్ళల్లోకి పొగొస్తోంది, అడగలేదు.

"మరి మగవాళ్ళకండీ?"

"మగవారు కార్డు మారరు. కాబట్టి వారి విషయంలో శాస్త్రం స్పష్టంగా ఉంది."

"అయితే నాకు పరీక్ష చెయ్యరా?"

"ముప్పు లేనివారికి పరీక్ష చేస్తే ఆడిట్ అభ్యంతరం వస్తుంది." ఆమె ముఖం చూసి కాస్త మెత్తబడ్డాడు. చెడ్డవాడు కాదు, నియమాలు తెలిసినవాడు, అంతే. సొరుగులోంచి ఓ ఫారం తీశాడు. "ఒక్క మార్గముంది. భర్తచే పరిత్యజించబడిన స్త్రీ తిరిగి పుట్టింటి కార్డులో చేరవచ్చు. చేరిన క్షణం నుండి తల్లి తరఫు జన్యువులు పునరుద్ధరించబడతాయి. క్షేత్రస్థాయి విచారణ మాత్రం ఉంటుంది."

*

సాయంత్రం హైమ ఫారం అత్తగారి ముందు పెట్టింది. హైమ భర్త శేషగిరికి బజార్లో ఫొటోలకి ఫ్రేములు కట్టే కొట్టుంది. అతను కళ్ళజోడు పెట్టుకుని ఫారం మొత్తం చదివి, "నేను నిన్నెందుకు వదిలేసినట్టు? కారణం రాయమంటున్నారు," అన్నాడు దిగులుగా.

"నేను చెప్తాలేరా కారణాలు," అంది భ్రమరాంబ. "వెళ్ళగొట్టడం ఎప్పుడే అమ్మాయ్?"

"రేపు గానీ ఎల్లుండి గానీ, ఇన్‌స్పెక్టరు వీలుని బట్టి అత్తయ్యా."

"ఎల్లుండి అయితే కుదురుతుంది. రేపు ఏకాదశి, నోరు పారేసుకోకూడదు."

ద్వాదశి నాడు పదిన్నరకి విచారణాధికారి ధర్మారావు అట్టకి కాయితం బిగించుకుని వచ్చాడు. కాయితం మీద గడులున్నాయి: గెంటివేత ప్రత్యక్షంగా జరిగినదా, దూషణ తీవ్రమా, మధ్యస్థమా, స్వల్పమా, ఇరుగుపొరుగుల సాక్ష్యం. హైమ సంచీ సర్దుకుని వీధి మెట్ల మీద నిలబడింది. శేషగిరి తలొంచుకుని, తల్లి ముందే నేర్పినట్టు, "పో," అన్నాడు. అది ధర్మారావుకి వినపడలేదు.

భ్రమరాంబ కొంగు బిగించింది.

"పోవే నా ఇంట్లోంచి! ఇరవై ఒక్కేళ్ళు! చారులో ఇంగువెయ్యమంటే ఒక్కనాడు వేశావా? ఒక్కనాడు?"

"వేస్తే మీకు కడుపులో మంట కదా అత్తయ్యా..."

"మధ్యలో మాట్లాడకు, విచారణ జరుగుతోంది! ఆవకాయ జాడీకి గుడ్డ వదులుగా కడతావు! నా కళ్ళజోడు దేవుడి గూట్లో పెట్టి, నేనే పెట్టానంటావు! పండక్కి జంతికలు ఆ ఎదురింటి కాంతమ్మ చేసినట్టు ఉన్నాయన్నావు, నేను మర్చిపోయాననుకున్నావా?"

ఎదురింటి కాంతమ్మ అప్పటికే గోడ దగ్గరుంది. ధర్మారావు ఆవిణ్ణి సాక్ష్యం అడిగాడు.

"అబ్బే, వీళ్ళు పోట్లాడుకోవడం మేమెప్పుడూ చూళ్ళేదండీ," అంది ఆవిడ. "చూద్దామని చాలాసార్లు అనుకున్నాం."

"వినపడిందా? పుట్టింటికి పో!" భ్రమరాంబ చెయ్యి వీధి వైపు చాపింది. ఎండ ఆ చేతిమీద పడింది. ఆవిడ ఆగి, లోపలికి వెళ్ళి, గొడుగు తెచ్చి కోడలి చేతికిచ్చింది. "పో ఇంక!"

ధర్మారావు రాసుకున్నాడు. చెమట తుడుచుకున్నాడు. అది చూసి మెట్లమీది పరిత్యక్తకి అలవాటు కొద్దీ నోరు జారింది. "కాఫీ తాగుతారా అండీ?" అనేసి, సమాధానం వినకుండానే సంచీ పక్కన పెట్టి లోపలికి పోయింది.

నివేదిక మూడో రోజున వచ్చింది. "దూషణ తీవ్రముగా ఉన్నది. అయితే గెంటివేత సమయమున గొడుగు ఇచ్చినట్లు గమనించడమైనది. దరఖాస్తుదారు వంటగదిలో యథేచ్ఛగా సంచరించుచున్నారు. కాఫీ బాగున్నది. కావున దరఖాస్తు తిరస్కరించడమైనది."

భ్రమరాంబ ఆ కాయితం చేత్తో పట్టుకుని అరుగుమీద కూర్చుంది. "నావల్లే చెడింది. ఆ గొడుగు ఇవ్వకుండా ఉండాల్సింది."

"నా కాఫీ కూడా ఉందిగా అత్తయ్యా."

"ఆ ఇంగువ మాట నిజంగా అనలేదే."

"తెలుసు."

"కొంచెం నిజంగానే అన్నాన్లే." ఆవిడ కాయితం మడిచి, మరో గొంతుతో అంది: "శకుంతలమ్మగారు పోయేముందు వారం రోజులు అక్కడే ఉన్నాను కదుటే. నీ వయసే అప్పుడావిడది. నొప్పి కనపడకుండా నాతో వడియాల గురించి మాట్లాడేది. నిన్ను అలా చూడను నేను. నా ఆరోగ్యం నీకొచ్చిందని వాడెవడో రాసిచ్చాడు గానీ, అది అలా రాదని నాకు తెలుసు. ఇంకేదైనా దారి చూడు."

ఆ ఇంకేదైనా దారి ఇందుమతి చూసింది. అందులో ఆలోచన పెద్దగా లేదు కాబట్టి ఆమెకే ముందు తట్టింది.

"శిబిరంలో నా పేరు పిలుస్తారు. నువ్వు లే. అంతేగా?"

*

రక్తపరీక్షల శిబిరం మునిసిపల్ కల్యాణమండపంలో పెట్టారు. వధూవరుల కుర్చీల్లోనే కూర్చోబెట్టి రక్తం తీస్తున్నారు. "ఇందుమతి!" అని పిలవగానే హైమ లేచింది. ఇందుమతి కూడా అలవాటు కొద్దీ లేచింది. మళ్ళీ కూర్చోబోయి, ఎందుకొచ్చిన అనుమానమని హైమ వెనకాలే వెళ్ళింది.

డాక్టరు నస్రీన్ ముప్ఫై ఏళ్ళ పిల్ల. కళ్ళ కింద నల్లటి చారలు. కాయితం చూస్తూ అడిగింది.

"కుటుంబంలో ఎవరికండీ కేన్సరు?"

"మా అమ్మకి. రొమ్ములో. నలభై నాలుగో ఏట. పెద్దమ్మకి అండాశయంలో."

"అమ్మా? ఇక్కడ అత్తగారని ఉంది?"

హైమ ఒక అబద్ధం కోసం వెతుక్కుంది. ఇందుమతికి మాత్రం అలాంటి ఇబ్బంది ఎప్పుడూ లేదు. "ఆవిడకి అమ్మండీ, నాకు అత్తగారు!" అనేసింది. అని నాలిక కరుచుకుంది.

డాక్టరు పెన్ను కింద పెట్టింది. ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

"పొద్దున్నించీ నలభై ఇద్దరు కోడళ్ళ రక్తం తీశాను. అందరికీ అత్తగార్ల జబ్బులే. ఈ ఉత్తర్వు తప్పని పైకి మూడు ఉత్తరాలు రాశాను. మూడింటినీ పౌరసరఫరాల శాఖకి పంపించారు." హైమ చేతికి రబ్బరుపట్టీ కట్టింది. "మీరే నాకు కనిపించిన మొదటి కూతురు. పిడికిలి బిగించండి, ఇందుమతిగారూ."

సూది దిగింది. డాక్టరు మెల్లిగా చెప్పింది: "అమ్మలో ఆ మార్పు ఉండి ఉంటే, మీకు రావడం సగానికి సగం. రాలేదనుకోండి, హాయిగా ఇంటికెళ్ళండి. వచ్చినా జబ్బున్నట్టు కాదు. ఏటేటా మిషన్‌లో పెట్టి చూస్తాం. ఏదైనా ఉంటే పసిగా ఉన్నప్పుడే దొరుకుతుంది. మీ అమ్మగారికి ఆ అవకాశం రాలేదు."

నాలుగు వారాలు పట్టింది. నలభై ఇద్దరు కోడళ్ళకీ ఏమీ లేదు. నలభై మూడో మనిషికి ఉంది. డాక్టరు నస్రీన్ ఫోను చేసి చెబుతుంటే హైమ నిలబడి విని, తర్వాత కాలికి తగిలిన పీట మీద కూర్చుంది. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చేదాకా లేవలేదు.

*

జిల్లా వంశారోగ్య కార్యాలయంలో మాత్రం మిఠాయిలు పంచారు.

చక్రపాణి విలేకరుల్ని పిలిచాడు. "ఇంతవరకూ ప్రపంచ శాస్త్రవేత్తలు జన్యువు తల్లిదండ్రుల నుండి మాత్రమే వస్తుందని భ్రమలో ఉన్నారు. అత్తగారి జన్యుమార్పు కోడలికి సంక్రమించినట్లు మన జిల్లాలో ప్రయోగపూర్వకంగా నిరూపితమైనది. ఇది కార్డు సాధించిన విజయం."

మిగిలిన నలభై ఇద్దరి సంగతేమిటని ఒక విలేకరి అడిగాడు.

"వారిలో పదిహేడు మంది కార్డులు ఆధార్‌తో అనుసంధానం కాలేదు. మిగిలినవారివి పరిశీలనలో ఉన్నాయి."

మర్నాటి నుంచి ఊరు మారిపోయింది. పెళ్ళిచూపుల్లో జాతకాలతో పాటు అత్తగారి బయాప్సీ రిపోర్టు అడగడం మొదలైంది. ఎర్రకాయితం వచ్చిన ఇళ్ళలో పెద్దావిడల్ని విడిగా ఒంటరి కార్డులోకి మార్చి కోడళ్ళని కాపాడుకుంటున్నారు. దానికి "ముప్పు విభజన" అని పేరుపెట్టి చక్రపాణి ప్రత్యేక కౌంటరు తెరిచాడు. అల్పముప్పు కార్డులకి గిరాకీ పెరిగింది. ఓ సాయంత్రం ముక్కూమొహం తెలియని దంపతులు భ్రమరాంబ దగ్గరికొచ్చి, "పిన్నిగారూ, మా అమ్మాయి పేరు మీ కార్డులో ఒక్క ఏడాది ఎక్కించుకోండి, మీ ఆరోగ్యం అబ్బుతుంది," అని బతిమాలారు. "మా ఇంట్లో చారులో ఇంగువ ఉండదు, మీ పిల్ల తట్టుకోలేదు," అని ఆవిడ పంపించేసింది.

ఇంత హడావిడిలోనూ హైమ పని మాత్రం ముందుకి సాగలేదు. పరీక్ష అయ్యాక మిషన్‌లో చూపించుకోవాలి. దానికి పెద్దాసుపత్రిలో వేలిముద్ర అడుగుతారు. ఇందుమతి వేలు పెడితే మిషన్ గది తలుపు తెరుచుకుంటుంది గానీ, లోపలికి ఆమెనే పంపుతారు, ఆమెలో చూడ్డానికి ఏమీ లేదు. హైమ వేలు పెడితే తెరమీద వస్తుంది: అల్పముప్పు, అభినందనలు. రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ అభినందనలు తీసుకుని వచ్చారు. శ్రావణం ఇంకా నెలన్నరుంది.

"నిజం చెప్పేద్దాం వదినా," అంది హైమ.

"జైల్లో పెడితే?"

"పెడితే అక్కడైనా నా వేలిముద్ర నా పేరుతోనే తీసుకుంటారుగా."

*

వాళ్ళు వెళ్ళిన రోజే ఇందుమతికి సన్మానం. చక్రపాణి బల్లమీద దండలు, శాలువా, రాష్ట్ర సదస్సుకి రమ్మని వచ్చిన ఆహ్వానం ఉన్నాయి. ఆహ్వానాన్ని అందరికీ కనపడేట్టు పేపరువెయిట్‌కి ఆనించి నిలబెట్టాడు.

"సార్, ఆ రక్తం నాది," అంది హైమ.

చక్రపాణి లేచి, బంట్రోతుని పిలవకుండా, తలుపు తనే వేశాడు.

"తమరు ఆ మాట అనలేదు. నేను వినలేదు."

"మళ్ళీ అంటాను సార్. అది మా అమ్మ నాకిచ్చింది. మా వదినకి ఏమీ లేదు."

"అలా అంటే నలభై ముగ్గురు కోడళ్ళలో ఒక్కరికీ లేనట్టవుతుందమ్మా! నిరూపణ ఏమైపోవాలి? ముప్పు విభజన కౌంటరు ఏమైపోవాలి?" ఆయన నుదురు తుడుచుకున్నాడు. "తమరు పేరు మార్చి రక్తం ఇచ్చారు. నేను కేసు పెట్టాలి. కేసు పెడితే నిరూపణ తప్పని నేనే రాసివ్వాలి. నా సర్వీసులో ఇలాంటి దస్త్రం రాలేదు."

హైమ శాలువా వైపు చూసింది. మంచి శాలువాయే, జరీ అంచు.

"మీ సదస్సుకి మీరు వెళ్ళండి. శాలువా మా వదినకే కప్పండి. నేనెక్కడా నోరు విప్పను. నా వేలుతో ఆ తలుపు తెరుచుకోవాలి, నాకంతే కావాలి. మా అమ్మకి తెలిసేసరికి ఆలస్యమైపోయింది. నేను ఆ ఆలస్యానికి నెలన్నర దూరంలో ఉన్నాను."

"రికార్డుల ప్రకారం జన్యువు తమ దగ్గర లేదు కదమ్మా," అన్నాడు చక్రపాణి, ఈసారి నిజంగానే బాధపడుతూ.

"మా వదిన దగ్గర ఉందిగా? తనకి అవసరం లేదు. నాకు ఇప్పించండి," అంది హైమ, పక్కింట్లో ఖాళీగా ఉన్న రుబ్బురోలు అడిగినట్టు.

"ఇచ్చేస్తానండీ," అంది ఇందుమతి. "మనస్ఫూర్తిగా ఇస్తాను. కాయితం మీద రాసిమ్మంటే రాసిస్తాను."

"శాశ్వత బదిలీ నా పరిధిలో లేదు. ప్రభుత్వానికి రాయాలి. రెండేళ్ళు పడుతుంది..." చక్రపాణి మాట మధ్యలో ఆగిపోయింది. ఆయన కళ్ళల్లోకి మెల్లగా వెలుగు వచ్చింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్నవాడికి తప్ప ఆ వెలుగు రాదు. "డెప్యుటేషన్ వెయ్యొచ్చు!"

అరగంటలో ఉత్తర్వు తయారైంది.

"శ్రీమతి ఇందుమతి వద్ద నమోదై ఉన్న జన్యుమార్పును, ప్రజాప్రయోజనం దృష్ట్యా, శ్రీమతి హైమవతి వద్దకు ఒక సంవత్సర కాలపరిమితితో డెప్యుటేషన్‌పై పంపడమైనది. సదరు జన్యువు తక్షణం విధులలో చేరి, చేరిక నివేదిక సమర్పించవలెను."

జన్యువు తరఫున చేరిక నివేదిక హైమే రాసింది. చేరిన తేదీ అన్న చోట తన పుట్టినరోజు వెయ్యబోయి, ఆగి, ఆ రోజు తేదీ వేసింది. పూర్వాహ్నమా, అపరాహ్నమా అని అడిగితే పూర్వాహ్నమంది. సాయంత్రం సభలో ఇందుమతికి శాలువా కప్పారు. ఆమె రెండు మాటలు మాట్లాడమంటే, "అంతా మా అత్తగారి దయ," అని కూర్చుంది. చప్పట్లు మోగిపోయాయి.

ఆ వారంలోనే పెద్దాసుపత్రి మిషన్ హైమ వేలిముద్ర ఒప్పుకుంది. ఎడమవైపు లోపలెక్కడో పెసరగింజంత ఉందన్నారు. చేతికి తగలనంత చిన్నది. తీసేశారు. "ఇంకో ఏడాదైతే ఇది ఇంత తేలిగ్గా ఉండేది కాదు," అంది నస్రీన్, కుట్లు చూస్తూ. డిగ్రీ చదువుతున్న హైమ కూతురు వెన్నెల సెలవు పెట్టి వచ్చి మంచం పక్కన కూర్చుంది. పాతికేళ్ళు రాగానే తనూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు చెప్పింది. "ఈలోపు పెళ్ళి మాత్రం చేసుకోకే, జన్యువులు మారిపోతాయి," అంది భ్రమరాంబ. ఆవిడ ఆసుపత్రికి చారు తెచ్చింది. అందులో ఇంగువ వేసింది. వేసి, తాను మాత్రం తాగలేదు.

శ్రావణం వచ్చింది. హైమకి నలభై నాలుగు నిండాయి, మామూలు రోజులాగే. ఆ రోజు పులిహోర చేసుకున్నారు.

మరుసటేడాది గడువు ముగిసే ముందు జిల్లా కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. "తమ వద్ద డెప్యుటేషన్‌పై పనిచేయుచున్న జన్యువు యొక్క కాలపరిమితి ముగియుచున్నది. పొడిగింపు కోరెదరా, లేక తిప్పి పంపెదరా? పొడిగింపు కోరినచో కారణం తెలుపగలరు."

హైమ పొడిగింపు మీద టిక్కు పెట్టింది. కారణమన్న గడిలో ఏమేమో రాయాలనుకుంది, గడి చిన్నది. చివరికి "ఇది మా అమ్మది" అని రాసి పంపింది.

వారం తిరక్కుండా దస్త్రం అభ్యంతరంతో వెనక్కొచ్చింది. ఎర్ర సిరాతో ఒకే వాక్యం: "సదరు అమ్మ ప్రస్తుతం ఏ కార్డులో నమోదై ఉన్నారో తెలుపగలరు."

హైమ పెన్ను మూత తీసి, తన కార్డు నంబరు వేసింది.